సాగర అడవిలో గసగసాలంత పురుగు

సంక్రాంతికి రమ్మని మా చెల్లెలు డిసెంబరు నుంచే ఫోన్లు చేస్తోంది. నాకు మాత్రం కాలు కదల్లేదు. నిరుడు జనవరిలో మా మరిది జ్వరంతో పదహారు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఆ జ్వరం పట్టుకుంది వాళ్ల ఊరి అడవిలోనే. మళ్లీ అదే నెలలో, అదే ఊరికి, తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని పోవడమా అని భయం. చివరికి మా అత్తయ్యే అంది: "వాళ్లు ఏడాది పొడుగునా అక్కడే బతుకుతున్నారు. మనం మూడు రోజులు ఉండి రాలేమా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బయల్దేరాం.

భద్రావతిలో తాళగుప్ప రైలెక్కితే సాగర దాకా దిగే పని లేదు. శివమొగ్గ దాటేవరకు వరిమళ్లు, చెరకు, మధ్య మధ్య అడకె తోటలు. కుంసి దాటాక రెండు పక్కలా అడవి మొదలవుతుంది. ఆ తర్వాత అరసాళు అని చిన్న స్టేషన్. మాల్గుడి డేస్ టీవీ సీరియల్‌లో మాల్గుడి స్టేషన్‌గా చూపించింది దాన్నే. మా అత్తయ్య కిటికీలోంచి చెయ్యి చూపించి, "ఆ కాలంలో మన లైన్ మొత్తానికీ ఒకే టీవీ, అందరం కింద కూర్చుని చూసేవాళ్లం" అని మనవడికి చెప్పుకొచ్చింది. ఆనందపురం పోయాక సాగర జంబగారు. అక్కడ దిగాం.

భద్రావతిలో మనవాళ్ల కథ అందరికీ తెలిసిందే. ఇనుప కార్ఖానా, కాగితం మిల్లు పనుల కోసం తాతల నాడు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ. మా మరిది కూడా మిల్లు లైన్లలో పుట్టినవాడే. పదేళ్ల కిందట ఆ పని వదిలేసి, తెలిసినవాళ్ల ద్వారా సాగర తాలూకాలో ఒక అడకె తోటకు పనికి వెళ్లాడు. ఇల్లు తోటవాళ్లదే, కూలీ రోజువారీ. మనవాళ్లు ఇంకొందరు కూడా అటు వైపు తోటల్లో ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. జోగ్ జలపాతానికనో, సిగందూరు చౌడేశ్వరమ్మ దర్శనానికనో మన కాలనీల నుంచి వ్యాన్లు వెళ్లేది కూడా ఎక్కువగా ఈ ఎండ నెలల్లోనే. సిగందూరుకు ఒకప్పుడు శరావతి వెనక నీళ్ల మీద లాంచీలో దాటేవాళ్లం. 2025లో వంతెన వచ్చింది కాబట్టి ఇక పోయేవాళ్లు పెరుగుతారే గాని తగ్గరు.

సాగర నుంచి బస్సులో ముప్పావు గంట, దిగాక కిలోమీటరు నడక. పల్లంలో అడకె తోట, తోట నడుమ మిరియాల తీగలు, చిన్న కాలువ. తోట అంచున ఇల్లు, ఇంటి పక్కన ఆవుల కొట్టిగె. ఇంటి వెనక నుంచే కొండ లేస్తుంది. ఆ కొండ వాలును అక్కడ సొప్పిన బెట్ట అంటారు, అంటే ఆకు తెచ్చుకునే కొండ. తోట ఉన్నవాళ్లకు దాన్ని వాడుకునే హక్కు ఉంటుంది. పచ్చాకు కోస్తారు, ఎండ నెలల్లో రాలిన ఎండాకు ఊడ్చి తెస్తారు. ఆ ఆకు కొట్టిగెలో ఆవుల కింద పరుస్తారు. పేడ, మూత్రం కలిసి అది ఎరువవుతుంది. ఆ ఎరువే అడకె చెట్ల మొదట్లోకి పోతుంది. ఆకు లేకపోతే ఎరువు లేదు, ఎరువు లేకపోతే తోట లేదు. ఆకు ఊడ్చి, గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని దిగేది కూలివాళ్లు. మా మరిది ఆ కూలివాళ్లలో ఒకడు.

నిరుడు జరిగింది చెల్లెలు మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఫోన్లో చెప్పినప్పుడు అంత వివరంగా వినలేదు నేను. పొద్దున బాగానే పనికి వెళ్లిన మనిషి, సాయంత్రం వణుకుతూ వచ్చాడట. తల పగిలిపోయే నొప్పి, నడుం, పిక్కలు ఎవరో బాదినట్టు నొప్పులు, కళ్లు ఎర్రగా. దగ్గర్లో ఒకచోట చూపిస్తే మామూలు జ్వరమే అని ఇంజెక్షన్ వేసి, నొప్పి మాత్రలు ఇచ్చి పంపేశారు. మూడో రోజు వాంతులు, నాలుగో రోజు చిగుళ్ల నుంచి రక్తం. అప్పుడు పక్కింటి ముసలాయన చూసి, "ఇది మంగన కాయిలె, ఇంట్లో పెట్టుకోవద్దు" అని ఆటో పిలిచాడట. కన్నడలో మంగ అంటే కోతి, కాయిలె అంటే జబ్బు. రక్తం పరీక్షకు శివమొగ్గ పంపితే అదే అని తేలింది. పన్నెండో రోజు జ్వరం తగ్గింది, ఇంటికి పోదాం అనుకుంటుండగా మళ్లీ వచ్చింది. ఈసారి మాట తడబడింది, చేతులు వణికాయి. కొందరికి ఇలా రెండోసారి వచ్చి మెదడు మీద పని చేస్తుందని డాక్టర్లు చెప్పారట. బతికి బయటపడ్డాడు. కానీ గంప ఎత్తే బలం రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఇల్లు నడిచింది చెల్లెలు అడకె వొలిచిన కూలితో.

ఈ జబ్బు ఈనాటిది కాదు. 1957లో ఇదే శివమొగ్గ జిల్లా సొరబ తాలూకా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చచ్చి పడ్డాయి. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులకు జ్వరాలు. పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం వాళ్లు వచ్చి చూశారు. కోతులు చస్తున్నాయంటే ఆఫ్రికాలో ఉండే పచ్చజ్వరం మన దేశంలోకి వచ్చిందేమో అని మొదట భయపడ్డారు. చివరికి అది ఇంతవరకు తెలియని కొత్త వైరస్ అని తేలింది. ఆ అడవి పేరే దానికి పెట్టారు: క్యాసనూరు అడవి జబ్బు. అప్పట్నుంచి డిసెంబరు మొదలు మే నెలాఖరు దాకా ఏదో ఒక తాలూకాలో వస్తూనే ఉంది. 2018 చివర, 2019 మొదట్లో సాగర తాలూకా అరళగోడు వైపు చాలామందికి వచ్చింది, ప్రాణాలూ పోయాయి. ఇది ఒక్క కర్ణాటకతో ఆగలేదు. కేరళలో వయనాడ్, తమిళనాడులో నీలగిరి, గోవాలో సత్తరి, మహారాష్ట్రలో సింధుదుర్గ్ దాకా పడమటి కనుమల వెంట పాకింది. కాబట్టి వేరే రాష్ట్రాల్లో ఉండే మన పాఠకులు కూడా ఇది శివమొగ్గవాళ్ల గొడవ అనుకోవద్దు. వచ్చినవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు చనిపోతారని లెక్క. దీన్ని చంపే మందు ఇంతవరకు లేదు. ఆసుపత్రిలో సెలైను, రక్తం ఎక్కించి, కనిపెట్టుకుని కాపాడాల్సిందే. పాత టీకా ఒకటి ఉండేది, సరిగా పనిచేయడం లేదని 2022 నుంచి ఆపేశారు. కొత్త టీకా కోసం ఐసీఎంఆర్‌తో కలిసి మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ పని చేస్తోంది.

పేరు కోతి జబ్బు అయినా, మనిషికి అంటించేది కోతి కాదు, పిడుదు. తెలంగాణ వైపు గోమారి అంటారు, కన్నడలో ఉణ్ణె, ఉణుగు. ఆవుల చెవుల్లో, కుక్కల మెడ కింద ఉబ్బి కనిపించేది ఆ జాతే. అయితే మనల్ని కుట్టేది అంత పెద్దది కాదు. పిడుదు గుడ్డు నుంచి వచ్చాక బతుకు మొత్తంలో మూడుసార్లే రక్తం తాగుతుంది: పిల్లగా ఒకసారి, నడి వయసులో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి. వానాకాలంలో పెద్దవి ఆవుల్ని, అడవి జంతువుల్ని పట్టుకుంటాయి. ఎండ నెలల్లో తిరిగేది ఆ నడి వయసుది. గసగసాలంత ఉంటుంది. మనిషిని ఎక్కువగా కుట్టేది అదే. ఎగరలేదు, దూకలేదు. ఎండాకు మీదో గడ్డి కొస మీదో ముందు కాళ్లు చాచి కూర్చుని ఉంటుంది. మన కాలో చెయ్యో తగిలితే పట్టుకుని పైకి పాకుతుంది. కుట్టినప్పుడు నొప్పి ఉండదు. అదే చెడ్డ సంగతి, దోమలా కుడితే చెయ్యి అక్కడికి పోయేది కదా.

కోతికి ఈ వైరస్ వస్తే తట్టుకోలేదు, చచ్చిపోతుంది. చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది పిడుదులన్నీ కిందకు దిగిపోతాయి. ఆ చోటంతా విషం పరిచినట్టే. అందుకే కోతి పడిందంటే అటు పోకూడదు, ముట్టుకోకూడదు, ఆశా కార్యకర్తకో పంచాయితీకో చెప్పాలి. వాళ్లు వచ్చి చుట్టూ మందు పొడి చల్లిస్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. నిరుడు మా మరిది ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అంటుకుంటుందని చెల్లెలి ఇంటి గడప తొక్కడం మానేసినవాళ్లున్నారు. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. రోగికి గంజి పోస్తే రాదు, పక్కన పడుకుంటే రాదు. ముఖ్యంగా పిడుదు కుడితే వస్తుంది.

మేం వెళ్లిన రెండో రోజు పొద్దున మరిది కొండకు బయల్దేరాడు. ఫుల్ ప్యాంటు, దాని అంచులు సాక్సుల్లోకి దోపి, పైన గమ్ బూట్లు. పొడుగు చేతుల లేతరంగు చొక్కా. నల్ల బట్ట మీద పురుగు పాకితే కనిపించదట. ఆశా కార్యకర్త ఇచ్చిన డేపా నూనె మెడకు, చేతులకు, కాళ్లకు రాసుకున్నాడు. నిరుడు కూడా ఈ సీసా ఇంట్లో ఉంది. ఉక్క పోస్తుంది, జిడ్డుగా ఉంటుంది అని రాసుకోలేదట. "పది రూపాయల పని బద్ధకానికి పదహారు రోజులు పడుకున్నాను వదినా" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

"పోకపోతే కాదా?" అన్నాను.

"ఎండాకు రోజులు ఇవే వదినా. ఈ పని నేను చెయ్యనంటే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడికి జ్వరం రాదా?"

చెల్లెలు ఏమీ అనలేదు. గంప అందించి లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం మా వాడూ, చెల్లెలి కూతురూ కనిపించలేదు. కొట్టిగె వెనక లేరు, కాలువ దగ్గర లేరు. పిలిస్తే కొండ మీద నుంచి పలికారు. ఉసిరికాయల కోసమని పైకి పోయి, ఎండాకు మీదే కూర్చుని ఉప్పు అద్దుకుని తింటున్నారు. నిక్కర్లు, చెప్పులు, నూనె లేదు. చెల్లెలు ఇద్దర్నీ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది కానీ తిట్టలేదు. "తిడితే రేపు చెప్పకుండా పోతారక్కా" అంది.

వాళ్లింట్లో ఇప్పుడొక పద్ధతి ఉంది. అడవి నుంచి ఎవరొచ్చినా నేరుగా ఇంట్లోకి రారు. పెరట్లో బచ్చలమనె దగ్గరే బట్టలు విప్పి బకెట్లో వేస్తారు. ఆ బట్టలు మంచం మీదకో, దండెం మీదకో పోవు. మరిగే నీళ్లు పోసి నానబెట్టి ఉతికి, మంచి ఎండలో వేస్తారు. హండెలో వేడి నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. సబ్బుతో, పీచుతో ఒళ్లంతా రుద్దుకుంటారు. ఆ తర్వాత ఒకరి ఒంటిని ఒకరు చూడాలి. వెలుతురులో నిలబెట్టి తలలో పాయలు తీసి, చెవుల వెనక, మెడ మీద, చంకల్లో, బొడ్డులో, నడుం చుట్టూ బట్ట బిగిసే చోట, గజ్జల్లో, మోకాళ్ల వెనక, కాలివేళ్ల మధ్య. కళ్లతో చూస్తే చాలదు, వేలితో తడమాలి.

పాపకు ఏమీ లేదు. మా వాడి కుడిచెవి వెనక చిన్న నల్లచుక్క. "పుట్టుమచ్చ" అంది మా అత్తయ్య. "కాదు అత్తమ్మా, దీనికి కాళ్లున్నాయి" అంది చెల్లెలు. నా గుండె జారిపోయింది. అత్తయ్య కంగారుగా, కిరసనాయిలు చుక్క వెయ్యండి, లేదంటే అగ్గిపుల్ల చూపించండి, అదే ఊడుతుంది అంది. ఆవులకు అలా చేసేవాళ్లట. చెల్లెలు ఒప్పుకోలేదు. వేడి తగిలినా, నూనె తగిలినా పిడుదు లోపలి ఉమ్మిని గాయంలోకి కక్కుతుంది, అలా చెయ్యొద్దని ఆరోగ్య శాఖవాళ్లు చెప్పారట. ముల్లు తీసే చిన్న పట్టకారుతో, చర్మానికి ఆనించి, పురుగు పొట్ట నొక్కకుండా తల దగ్గర పట్టుకుంది. మెలిపెట్టకుండా, గుంజకుండా, నిలువుగా మెల్లగా లాగింది. వచ్చేసింది. దాన్ని వేళ్లతో నలపలేదు. సెలోటేపు ముక్కలో అంటించి మడిచి పారేసింది. కుట్టిన చోట సబ్బుతో కడిగి డెట్టాల్ రాసింది. చేతులు కడుక్కుని, గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసింది. "కుట్టిన మూడో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపల వస్తే వస్తుందక్కా. రెండు వారాలు ఒంటి మీద చెయ్యి వేసి చూస్తూ ఉండు. వేడి తగిలితే ఇంట్లో మాత్ర వేసి కూర్చోకు."

పిడుదు కుట్టిన ప్రతివాడికీ జబ్బు రాదని నాకూ తెలుసు. అన్ని పిడుదుల్లోనూ వైరస్ ఉండదు. తెలిసినా ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. భద్రావతికి తిరిగొచ్చాక రాత్రి రెండు మూడుసార్లు లేచి వాడి నుదురు తడిమేదాన్ని. ఆరో రోజు సాయంత్రం బడి నుంచి వస్తూనే "అమ్మా తలనొప్పి" అన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేనూ అత్తయ్యా ఆటోలో సర్కారు ఆసుపత్రికి పోయాం. చెల్లెలు ఫోన్లో నేర్పించిన మాటే ముందు చెప్పాను: "సాగర అడవి దగ్గరికి పోయి వచ్చాం, ఆరు రోజుల కింద చెవి వెనక పిడుదు పట్టింది." ఆ మాట వినగానే డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తి చూసింది. చేర్చుకున్నారు, రక్తం తీసి శివమొగ్గ ల్యాబుకు పంపారు. జబ్బు లేదని వచ్చేదాకా నేను అన్నం ముద్ద మింగలేదు. మామూలు జలుబు జ్వరమే. మూడో రోజుకు లేచి గోళీలాడాడు.

ఇంతకీ నాకు అర్థమైంది ఒకటే. మరిదికి ఆలస్యం చేసింది పిడుదు కాదు, ఎవరూ అడగని, ఎవరూ చెప్పని ఒక్క మాట. "అడవికి పోయావా?" అని వాళ్లు అడగలేదు, "పోయాను" అని మనం చెప్పలేదు. కాబట్టి జ్వరం వస్తే ఎక్కడికి పోయి వచ్చారో ముందు చెప్పండి. రక్తం కారే జ్వరాల్లో కొన్ని నొప్పి మాత్రలు ఇంకా చెడు చేస్తాయి, డాక్టరు రాయకుండా మింగొద్దు. ఆంధ్రాలో మన బంధువులు ఈ మధ్య స్క్రబ్ టైఫస్ అని ఇంకో జ్వరం గురించి చెబుతున్నారు. అది పిడుదుతో కాదు, పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లమచ్చ కొందరికి కనిపిస్తుంది. దానికి మందు ఉంది, తొందరగా చూపిస్తే తగ్గిపోతుంది. అక్కడా జాగ్రత్తలు ఇవే: ఒళ్లు కప్పుకోవడం, నేల మీద కూర్చోకపోవడం, రాగానే స్నానం.

ఈ ఎండ నెలల్లో జోగ్, సిగందూరు, ఆగుంబె వైపు వ్యాన్లు కట్టుకుని పోయేవాళ్లు ఈ కింది మాటలు గుర్తుపెట్టుకోండి.

1. అన్నం తినడానికి చెట్ల కింద ఎండాకు మీద కూర్చోవద్దు. పట్టా, చాప తీసుకెళ్లండి. రోడ్డు పక్కన శుభ్రంగా ఊడ్చిన చోటు మేలు.

2. పిల్లలకు ఫుల్ ప్యాంట్లు, సాక్సులు వేయండి. నూనె రాస్తే కళ్లకు, నోటికి, అరచేతులకు తగలకుండా మీరే రాయండి. రాత్రికి కడిగేయండి.

3. కోతి చచ్చి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, ఫోటోల కోసం అసలే పోవద్దు.

4. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో, మనుషులు వేడినీళ్ల స్నానంలో. ఆ తర్వాత ఒకరినొకరు చూసుకోండి. ముసలివాళ్ల వీపు వాళ్లకు కనిపించదు, మీరే చూడాలి.

5. బ్యాగులో ఒక చిన్న పట్టకారు వేసుకోండి.

మొన్న చెల్లెలు ఫోన్ చేసింది. కొండ అవతల ఒక కొండముచ్చు చచ్చి పడిందట. చూసినవాళ్లు ఆశా కార్యకర్తకు చెప్పారు, మందు పొడి చల్లారు. మరిదీ, మిగతా కూలివాళ్లూ కలిసి తోటవాళ్లతో మాట్లాడారు. ఈ నెలంతా అటు వైపు ఆకు ఊడ్చొద్దు, ఆవుల్నీ అటు తోలొద్దు అని ఒప్పందం. ఆ రోజుల్లో తోట లోపలి పని ఇస్తామన్నారట. కూలి కొంచెం తక్కువే. "అయినా ఇంటికొస్తున్నాడు కదక్కా, అది చాలు" అంది.

వచ్చే సంక్రాంతికి మళ్లీ రమ్మంది. వస్తామని చెప్పాను. మా వాడికి ఉసిరికాయలు కొండ కిందికే తెచ్చిపెట్టమని కూడా చెప్పాను.